రామభద్రయ్య గారు స్టాకులో లేరు

తూర్పుతీర విశ్వవిద్యాలయం ఉపకులపతి గారు రాజధానిలో ఏదో వర్క్‌షాపు ఉందని వెళ్లి, మొదటి రోజు భోజనాల దాకా కూచుని, తిరిగొచ్చారు. అంతకుముందు ఆయన వెళ్లొచ్చిన వర్క్‌షాపుల వల్ల విశ్వవిద్యాలయానికి మరీ పెద్ద నష్టమేమీ జరగలేదు. ఒకసారి యోగా గురించి విని వచ్చి సెనేటు సమావేశాన్ని నేలమీద చాపలేసి జరిపించారు. ఇంకోసారి వాననీటి సంరక్షణ గురించి విని వచ్చి గ్రంథాలయం ముందు గొయ్యి తవ్వించారు. అందులో చరిత్ర శాఖ వారి స్కూటర్లు ఇప్పటికీ అప్పుడప్పుడు పడుతుంటాయి. ఈసారి మాత్రం ఆయన అచ్చుకూర్పు గురించి విని వచ్చారు.

వర్క్‌షాపులో చెప్పింది నిజానికి చాలా మంచి విషయం. పెద్ద పుస్తకాన్ని ఒకే ముద్దగా రాయనక్కర్లేదు. కొత్త సాఫ్టువేరులో అధ్యాయానికో ఫైలు చొప్పున విడివిడిగా రాసుకుంటే, ప్రధాన ఫైలనేది ఒకటి వాటిని వరసగా పిలిచి పుస్తకం చేసేస్తుంది. ఉపయుక్త గ్రంథాల వివరాలన్నీ మరో ఫైల్లో ఉంటాయి. రాసేవాళ్లు వాక్యం చివర ఫలానా పుస్తకం అని గుర్తు వేస్తే చాలు, సాఫ్టువేరే ఆ ఫైలుకి వెళ్లి, వివరాలు తెచ్చి, నంబరు వేసి, చివర జాబితా కట్టేస్తుంది. ఆ పుస్తకం ఫైల్లో దొరకలేదనుకోండి, పాపం అదేం చేస్తుంది, నంబరు ఉండాల్సిన చోట చదరపు బ్రాకెట్లలో ఒక ప్రశ్నార్థకం పెట్టి ఊరుకుంటుంది. దాని మానాన దాన్ని వదిలేసి ఉంటే ఎవరికీ ఏ బాధా ఉండేది కాదు.

కానీ ఒకే గ్రంథసూచి ఫైలును ఎన్ని పుస్తకాలకైనా వాడుకోవచ్చని ఆ వక్త ఎవరో చెప్పాడు. అది వినగానే ఉపకులపతి గారికి పెరుగన్నం సయించలేదు. కారులోనే సర్క్యులరు చెప్పి రాయించారు.

“ఇందుమూలముగా సమస్త శాఖలకు తెలియజేయునది ఏమనగా, ఇకమీదట ఈ విశ్వవిద్యాలయమునకు ఒకే గ్రంథసూచి ఉండును. పరిశోధకులు తమ వద్ద గల వ్యక్తిగత గ్రంథసూచులను తక్షణమే కేంద్రీయ గ్రంథసూచి విభాగమునకు స్వాధీనపరచవలెను. ప్రైవేటుగా గ్రంథసూచి కలిగియుండుట తీవ్రముగా పరిగణింపబడును. సిద్ధాంత గ్రంథములోని ప్రతి అధ్యాయమును ప్రత్యేక ఫైలుగా సంబంధిత సెక్షనుకు పంపి ఆమోదము పొందవలెను. ప్రధాన ఫైలు పరిశోధన విభాగపు కంప్యూటరులో తాళము వేసి ఉంచబడును.”

విభాగమంటూ పుట్టాక దానికో అధికారి కావాలి కదా. ఆ సమయానికి సీటు లేకుండా ఖాళీగా ఉన్న అసిస్టెంటు రిజిస్ట్రారు గవర్రాజు గారొక్కరే. ఆయన ఉద్యోగ జీవితమంతా స్టోర్సులో గడిచింది. బెంచీలు, బీకర్లు, ట్యూబులైట్లు, చీపుళ్లు ఆయన చేతి మీదుగా వెళ్లి ఆయన చేతికే తిరిగొచ్చాయి. ఒక్క చీపురు కూడా లెక్క తప్పలేదని కాన్వొకేషన్‌లో శాలువా కప్పారు. ఆయన నమ్మిన సూత్రం ఒకటే. ఒక వస్తువు ఒకచోటికి ఇష్యూ అయితే అది తిరిగొచ్చేదాకా ఇంకోచోట ఉండటానికి వీల్లేదు. కెమిస్ట్రీకి వెళ్లిన బీకరు ఫిజిక్సులో కనిపించిందంటే ఎవడో దొంగ అన్నట్టే. ఈ సూత్రంలో తప్పు పట్టినవాళ్లు ఇంతవరకూ లేరు, ఎందుకంటే ఇంతవరకూ ఆయన చేతికి బీకర్లే వచ్చాయి.

వకుళకు ఇదంతా తెలియదు. ఆమె మడ అడవిలో మోకాటిలోతు బురదలో దిగబడి మండపీతల్ని కొలుస్తూ కూచుంది. జంతుశాస్త్రంలో ఆమె పరిశోధన ఉప్పుటేటి మొగలోని మండపీతల మీద. అవి ఎక్కడ బొరియలు చేస్తాయి, ఎప్పుడు పెంకు విడుస్తాయి, ఏ పోటుకు లోపలికి వస్తాయి అన్నది చూడటానికి ఏళ్ల తరబడి ఆ బురదకు కాపలా కాసింది. కుడిచేతి బొటనవేలి గోరు పీతకే సమర్పించుకుంది. పట్టణంలోని డిగ్రీ కాలేజీ వారు ఆమెను లెక్చరరుగా తీసుకోవడానికి ఒప్పుకున్నారు కూడా, ఒక్క షరతు మీద. జూన్‌లో కాలేజీ తెరిచేనాటికి డాక్టరేటు చేతిలో ఉండాలి. లేదంటే ఆ పోస్టు ఇంకొకరికి పోతుంది. థీసిస్ రాయడం దాదాపు అయిపోయింది గనుక వకుళ ఆ షరతుకి నవ్వుకుంటూ సంతకం పెట్టింది.

విశ్వవిద్యాలయానికి తిరిగొచ్చేసరికి గేటు దగ్గరే ఆమె పెన్‌డ్రైవు తీసేసుకున్నారు. అందులో గ్రంథసూచి ఉందట. కావలసిన పుస్తకాలు కేంద్రీయ విభాగంలో ఇండెంటు పెట్టి తీసుకోమన్నారు. ఆ విభాగం పాత స్టోర్సు గదిలోనే ఉంది. కిటికీకి అదే ఇనప ఊచలు, లోపల అదే ఫినాయిలు వాసన, కంప్యూటరు ముందు గవర్రాజు గారు.

వకుళ ఇండెంటు ఇచ్చింది. ఆయన కళ్లజోడు సర్దుకుని చదివి, కీబోర్డు మీద ఒక్కో అక్షరం వెతికి నొక్కి, తల అడ్డంగా ఊపారు.

“రామభద్రయ్య గారు స్టాకులో లేరమ్మా.”

వకుళకు ముందు అర్థం కాలేదు. రామభద్రయ్య గారంటే మన తీరంలో పీతల గురించి మొట్టమొదట పుస్తకం రాసిన పెద్దమనిషి. తర్వాత పీత మీద చెయ్యి వేసినవాళ్లందరూ ఆయన చెప్పిందానికి అవునని గానీ కాదని గానీ అనవలసినవాళ్లే. వకుళ థీసిస్‌లో పేజీ పేజీకీ ఆయన పేరుంటుంది.

“ఆయన పోయి చాలా ఏళ్లయింది కదా సార్.”

“పోవడం వేరు, స్టాకులో లేకపోవడం వేరు. ఆయన ఇష్యూ అయ్యారు. కామర్స్ శాఖలో అబ్బులు అనే స్కాలరుకి.”

“నాకు పుస్తకం అక్కర్లేదు సార్. పుస్తకం మా ఇంట్లో ఉంది. నా థీసిస్‌లో ఆయన పేరు పడితే చాలు.”

“నేనూ అదే చెబుతున్నాను. ఆ పేరే అబ్బులు దగ్గరుంది. ఇష్యూ అయిన ఎంట్రీని మన ఫైల్లోంచి తీసి ఆయన ఫోల్డర్లో పెట్టేశాం.”

“ఎందుకు తీశారు? ఒకే పేరు ఎంతమందైనా రాసుకోవచ్చు కదండీ!”

గవర్రాజు గారు ఆమె వంక జాలిగా చూశారు. చదువుకున్న పిల్ల, ఇంతేనా అన్నట్టుందా చూపు.

“ఒక కుర్చీలో ఇద్దరు కూచుంటారా అమ్మా?”

“ఇది కుర్చీ కాదు కదా సార్.”

“ఫైల్లో రామభద్రయ్య గారు ఎందరు? ఒక్కరే. ఒక్కరినే ఇద్దరికి ఇచ్చానని రేపు ఆడిట్లో పడితే నా పింఛను ఆగిపోతుంది. మీకు ఆయనే కావాలంటే ఆ అబ్బుల్ని వెనక్కి జమ చెయ్యమనండి.” ఆయన ఇండెంటు మళ్లీ చూసి కనుబొమలెత్తారు. “ఇన్నిచోట్ల వాడతారా ఈయన్ని? అరిగిపోరూ?”

వకుళ నోరు తెరిచి, మళ్లీ మూసుకుంది. కోపం వస్తే ఆమెకు మాట రాదు. బురదలో పీతల మధ్య బతికిన మనిషికి అది పెద్ద లోటు కాలేదు గాని, ఆఫీసుల్లో చాలా నష్టం.

ఆమె గైడు, జంతుశాస్త్ర శాఖాధిపతి ఎలీషా గారు మంచివారు. రిటైరవడానికి కొద్ది నెలలే ఉండటం వల్ల ఆ మంచితనం ఇంకా పెరిగింది. విషయమంతా విని నిట్టూర్చి, “అన్యాయమేనమ్మాయ్, నేను కాదనను. నువ్వు ఆ అబ్బుల్ని ఓసారి కలువు. నన్నెక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతాను,” అన్నారు. పెన్ను కూడా తీశారు. సంతకం పెట్టడానికి అప్పటికింకా ఏ కాగితమూ లేకపోయింది.

అబ్బులు క్యాంటీన్‌లో ఉప్మా పెసరట్టు తింటూ దొరికాడు. పీతల ఎగుమతిలో ధరల ఒడుదొడుకుల మీద అతని పరిశోధన. వకుళ సంగతి చెప్పగానే కుర్చీ లాగి వేశాడు.

“కూచోండండీ. ఆయ్, రామభద్రయ్య గారు మా దగ్గరే ఉన్నారండి. తవరికి ఇంత అవసరమని తెలీక తీసేసుకున్నాను.”

“మీరు ఎక్కడ వాడారండీ ఆయన్ని?”

“ఒక్కచోటేనండి. పీతలు నీటిలో నివసించును అని రాశాను. ఎవరు చెప్పారంటారేమోనని ఆయన పేరు పెట్టాను. మా గైడు గారు పేజీకో నంబరైనా ఉండాలంటారండి మరి.”

“ఆ ముక్కకి ఎవరి పేరూ అక్కర్లేదండీ.”

“అది నాకూ తెలుసండి. కానీ ఆయన్ని తీసేత్తే ఆ పేజీ బోడిగా ఉంటది కదండీ. ఏం చేత్తాం. నా బాధ వినండి. నాకు కావల్సిన ధరల పట్టికల పుస్తకం సంగీతం శాఖ వాళ్లు పట్టుకుపోయారు. ఎందుకంటే చెప్పట్లేదు. ముందే పట్టుకోకపోతే ఏవీ మిగలవని ఎవరికి దొరికింది వాళ్లు ఇష్యూ చేయించేసుకుంటున్నారండి.”

అతను చెప్పింది నిజమే. ఆ వారంలోనే విశ్వవిద్యాలయంలో ఉన్న పుస్తకాల పేర్లన్నీ అయిపోయాయి. గృహవిజ్ఞాన శాఖ వారు న్యాయశాస్త్రం పట్టుకున్నారు. న్యాయశాస్త్రం వారు చేసేది లేక ఊరగాయల మీద పుస్తకాలు తీసుకున్నారు, ఎందుకైనా మంచిదని. వకుళకు కూడా మిగతా పుస్తకాలతో పాటు అక్కర్లేనిది ఒకటి దొరికింది. రొయ్యల మేత మీద ఎవరో రాసిన చిన్న వ్యాసం. అబ్బులు దానితో బేరానికి ఒప్పుకున్నాడు.

“రొయ్యలైనా నీళ్లలోనే కదండీ ఉంటాయి. మా వాక్యం మార్చేసుకుంటాను లెండి,” అన్నాడు. పెసరట్టు డబ్బులు కూడా తనే ఇచ్చాడు. ఈ కథలో ఆమెకు ఉపకారం చేసిన మనిషి అతనొక్కడే గనుక ఆ సంగతి చెప్పుకోవడం న్యాయం.

గవర్రాజు గారు రామభద్రయ్య గారిని వెనక్కి తీసుకుని, అక్షరం అక్షరం పరిశీలించి, “కండిషన్ బాగానే ఉంది,” అని రాసి, వకుళకు ఇష్యూ చేశారు. ఆమె ఆనందం పట్టలేక మెట్లు రెండేసి చొప్పున దిగింది. పరిశోధన విభాగపు కంప్యూటరులో ప్రశ్నార్థకాలు పోయి నంబర్లు వచ్చాయి. ఇంక అధ్యాయాలు ఆమోదం పొందడమే మిగిలిందనుకుంది.

మొదటి అధ్యాయం ప్రజాసంబంధాల విభాగానికి వెళ్లి, “ఉప్పుటేరు” ముందు “సుందరమైన” అన్న మాట చేర్చుకుని తిరిగొచ్చింది. రెండోది ఇంజనీరింగ్ విభాగానికి వెళ్లింది. పీత బొరియలకు ప్లాను మంజూరు ఉందా అని ఒక ప్రశ్న వేసి, జవాబు అక్కర్లేదని వాళ్లే పంపేశారు. మూడోది రాలేదు. ఆ మూడోదే థీసిస్‌కి ప్రాణం. ఏళ్ల తరబడి కొలిచిన పీతల కొలతలన్నీ, వాటి నుంచి తేలిందంతా అందులోనే ఉంది. నిండా పట్టికలు ఉండటం చూసి టపా వాళ్లు దాన్ని మార్కుల జాబితా అనుకుని పరీక్షల విభాగానికి పంపారు. పరీక్షల విభాగం వారు దాన్ని తమ ఫోల్డర్లో పెట్టి తాళం వేసి, వకుళకు ఒక మెమో పంపారు.

“సదరు అధ్యాయములోని పట్టికలను క్షుణ్ణముగా పరిశీలించడమైనది. హాజరైన పీతలలో అధిక భాగము ముప్పై అయిదు పొందలేదు. ఉత్తీర్ణతా శాతము ఆందోళనకరముగా ఉన్నది. విషయమును మోడరేషన్ కమిటీకి నివేదించడమైనది. కమిటీ నిర్ణయము వెలువడువరకు అధ్యాయము నిలిపివేయడమైనది.”

వకుళ పరుగున వెళ్లింది. పరీక్షల నియంత్రణాధికారి గది చల్లగా ఉంది. ఆయన టేబుల్ మీద ఆమె పట్టికల ప్రింటు ఎర్రసిరాతో కళకళలాడుతోంది.

“సార్, అవి మార్కులు కావు. మిల్లీమీటర్లు. పీత డెక్క పొడవు.”

“ఏ యూనిట్ అయినా కనీస ఉత్తీర్ణత కనీస ఉత్తీర్ణతే కదమ్మా.”

“తక్కువ ఉన్నవి పిల్ల పీతలండీ. ఇంకా ఎదగలేదు.”

“ఎదగనివాళ్లని ఎందుకు కూచోబెట్టారు? హాజరు చాలకపోతే హాల్‌టికెట్టు ఆపి ఉండాల్సింది.” ఆయన గొంతు తగ్గించి, దయగా అన్నారు. “భయపడకండి. కమిటీ పెద్ద మనసు చేసుకుంటుంది. తలా అయిదు కలుపుతాం. చాలావరకు గట్టెక్కుతాయి.”

“కలపకండి సార్, మీకు దణ్ణం పెడతాను. కలిపితే నా పరిశోధనంతా అబద్ధమైపోతుంది.”

“కలపొద్దంటున్న వ్యక్తిని నా సర్వీసులో ఇప్పుడే చూస్తున్నాను,” అని ఆయన నిజంగానే నొచ్చుకున్నారు.

ఆ సాయంత్రం వకుళ ఉప్పుటేటి గట్టున కూచుని ఏడ్చింది. ఏడుస్తున్నప్పుడు ఒక పిల్ల పీత, నిశ్చయంగా ఫెయిలయ్యే రకం, బొరియలోంచి తొంగి చూసి లోపలికి పోయింది.

ఇంతలో మార్చి వచ్చింది. మార్చి అంటే స్టోర్సులో వార్షిక తనిఖీ. ఇష్యూ అయిన వస్తువులన్నీ వెనక్కి తెప్పించి, లెక్కపెట్టి, నంబర్లు వేసి, మళ్లీ ఇవ్వాలి. బీకర్ల కాలం నుంచీ ఉన్న ఆచారమది. గవర్రాజు గారు రాత్రికి రాత్రి అన్ని ఫోల్డర్లలోంచీ అన్ని ఎంట్రీలనూ వెనక్కి లాగేసి, గది తలుపు మీద “తనిఖీ జరుగుచున్నది, ఇష్యూలు నిలిపివేయబడినవి” అని అట్ట కట్టారు. థీసిస్‌లు సమర్పించడానికి ఆఖరి తేదీ కూడా ఆ తనిఖీ రోజుల్లోనే పడింది.

వకుళ థీసిస్ అచ్చై వచ్చింది. నంబర్లు ఉండాల్సిన ప్రతి చోటా ప్రశ్నార్థకం. చివర ఉపయుక్త గ్రంథాలు అన్న శీర్షిక కింద తెల్ల కాగితం. మూడో అధ్యాయం పరీక్షల విభాగం తాళంలో ఉంది గనుక, ప్రధాన ఫైలు దాన్ని పిలవకుండా పరిశోధన విభాగం వారు ఏర్పాటు చేశారు. ఆ సాఫ్టువేరులో అదో సౌకర్యం. అధ్యాయం లేకపోయినా దాని పేజీల నంబర్లు అలాగే ఉంచుతుంది. అందుచేత ముప్పై తొమ్మిదో పేజీ తర్వాత సరాసరి తొంభై ఆరో పేజీ వచ్చింది.

“మూడో అధ్యాయం లేదండీ ఇందులో,” అంది వకుళ.

పరిశోధన విభాగం గుమాస్తా విషయసూచిక తెరిచి వేలు పెట్టి చూపించాడు. “ఇదిగో ఉంది కదండీ. నలభయ్యో పేజీ నుంచి.”

“అక్కడుంది, లోపల లేదు.”

“లోపలి సంగతి మాకనవసరమండీ. మేం సర్టిఫై చేసేది విషయసూచికనే.”

ఆ ఏడాది సమర్పించిన థీసిస్‌లన్నీ ఇలాగే ఉన్నాయని తెలిసి శాఖాధిపతులు కాస్త కంగారుపడి ఉపకులపతి గారి దగ్గరికి వెళ్లారు. ఆయన ఒక థీసిస్ తీసుకుని చాలాసేపు తిరగేశారు. ముఖం వికసించింది.

“పరిశోధన అంటే ఏమిటి? ప్రశ్నించడం. ఇంతకాలం మనవాళ్లు ఎవరో చెప్పారు, ఎవరో చెప్పారు అని పక్కవాడి మీదకు తోసి తప్పుకున్నారు. ఇప్పుడు ప్రతి వాక్యం చివరా ప్రశ్న ఉంది. దీన్ని మన విశ్వవిద్యాలయ శైలిగా ప్రకటించండి,” అన్నారు.

శాఖాధిపతులు చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా కొట్టింది ఎలీషా గారేనని తర్వాత ఆయనే ఒప్పుకున్నారు, అలవాటు చొప్పున.

మౌఖిక పరీక్షకు బయటి రాష్ట్రం నుంచి దైవసహాయం గారనే పెద్దాయన వచ్చారు. చేపలూ పీతలూ తప్ప ఇంకో లోకం తెలియని మనిషి. ఆయన చేసిన ఘోరం ఏమిటంటే, పంపిన థీసిస్‌ని చదివి వచ్చారు. ఇది ఎవరూ ఊహించలేదు.

“అమ్మాయ్, ముప్పై తొమ్మిది తర్వాత తొంభై ఆరు వచ్చింది. మధ్యలో పీతలేవీ?” అన్నారు.

“మోడరేషన్‌లో ఉన్నాయి,” అన్నారు ఉపకులపతి గారు గంభీరంగా.

“మరి ఈ ప్రశ్నార్థకాలు?”

“మా శైలి.”

దైవసహాయం గారు పుస్తకం మూసి, కళ్లజోడు తీసి, వకుళను చూశారు. ఆ చూపులో కోపం లేదు. “నువ్వు చెప్పు తల్లీ,” అన్నారు.

వకుళ సుద్దముక్క తీసుకుంది. ఉప్పుటేటి మొగ గీసింది, పోటు ఎంత దూరం వస్తుందో గీసింది, బొరియలు ఏ గట్టున ఎందుకుంటాయో చెప్పింది. లేని మూడో అధ్యాయమంతా, పట్టికలతో సహా, బోర్డు మీద నిలబెట్టింది. మొదటి ప్రశ్నార్థకం దగ్గర మొదలుపెట్టి, ఇది రామభద్రయ్య గారిది, ఇక్కడ ఆయన చెప్పింది ఒప్పు, ఇదీ ఆయనదే, ఇక్కడ మాత్రం ఆయన పొరబడ్డారు, ఆయన చూసింది వానాకాలం పీతల్ని, అంటూ ఒక్కోదానికీ సొంతదారు ఎవరో చెప్పుకుంటూ పోయింది. కోపం వస్తే మాట రాని వకుళకు ఆరోజు కోపం గుర్తే లేదు. గోరు లేని బొటనవేలు సుద్దతో తెల్లగా అయిపోయింది. ఎలీషా గారు తొలిసారి చప్పట్లు మరిచి వింటూ కూచున్నారు. ఉపకులపతి గారు మధ్యలో లేచి ఇంకో వర్క్‌షాపుకి వెళ్లారు.

అయిపోయాక దైవసహాయం గారు లేచి నిలబడ్డారు. “ఈ పుస్తకానికి కాదు, ఈ అమ్మాయికి ఇస్తున్నాను,” అని సంతకం పెట్టారు. వకుళకు ఇంత సంతోషం ఎన్నడూ కలగలేదు. బస్సులో పక్కన కూచున్న ముక్కూ మొహం తెలియని ఆవిడకు కూడా తనకు డాక్టరేటు వచ్చిందని చెప్పేసింది. ఆవిడ తన మోకాలి నొప్పికి ఏదైనా మాత్ర రాసిమ్మంది.

జూన్‌లో కాలేజీ తెరిచారు. ప్రిన్సిపాల్ వకుళ పట్టా కాగితం చూసి అభినందించి, నియమం ప్రకారం అది నిజమైనదేనా అని విశ్వవిద్యాలయానికి రాశారు. పోస్టు ఆమెదేనని అప్పటికే అందరూ అనుకుంటున్నారు. స్టాఫు రూములో ఆమెకు కిటికీ పక్క బల్ల కూడా చూపించారు. వారం తిరక్కుండా జవాబొచ్చింది.

“సదరు అభ్యర్థి సిద్ధాంత గ్రంథము నిబంధనల మేరకు కేంద్రీయ గ్రంథసూచి స్టాకులో జమ చేయబడినది. ప్రస్తుతము అది వేరొకరికి ఇష్యూ అయియున్నది. గ్రంథము తిరిగి జమ అగువరకు దానిపై ఆధారపడిన పట్టాను సదరు అభ్యర్థి వినియోగించుటకు వీలులేదని తెలియజేయడమైనది.”

ప్రిన్సిపాల్ ఆ ఉత్తరం రెండుసార్లు చదివి, నీళ్లు తాగి, “నేనేం చెయ్యనమ్మా, పోస్టు ఆర్నెల్లకి మించి ఆపలేను. ఈలోగా అది తెచ్చుకో,” అన్నారు.

ఇనప ఊచల వెనక గవర్రాజు గారు ఆమెను చూసి సంబరపడిపోయారు.

“రండి రండి. కంగ్రాట్సమ్మా! మీ థీసిస్ బ్రహ్మాండంగా ఉంది.”

“అది ఎవరికిచ్చారు సార్?” అంది వకుళ.

ఆయన కొంచెం సిగ్గుపడ్డారు. “నేనే తీసుకున్నాను. ఉపకులపతి గారి దగ్గర నేను కూడా డాక్టరేటుకి రిజిస్టరయ్యాను. కేంద్రీయ గ్రంథసూచి, స్టోర్సు నిర్వహణలో కొత్త శకం అని నా టాపిక్కు. మా విధానం ఎంత విజయవంతమైందో చెప్పడానికి మీదే ఉదాహరణ.”

“నా థీసిస్ మీరు తీసుకోండి సార్, సంతోషం. నా పట్టా ఎందుకు ఆపారు?”

“కుర్చీ ఇష్యూ చేసి, కుర్చీ కాళ్లు మా దగ్గరే పెట్టుకుంటామా అమ్మా?”

వకుళ ఊచలు పట్టుకుంది. ఒక్కటే అడిగింది. “నా దాంట్లో ఏది వాడుకున్నారండీ?”

“మూడో అధ్యాయం. అద్భుతం!”

“అది అందులో లేదు సార్. మోడరేషన్‌లోనే ఉండిపోయింది.”

“విషయసూచికలో ఉంది కదమ్మా,” అన్నారాయన, ఇంత చిన్న విషయం తెలియదా అన్నట్టు. “కంగారెందుకు? నాకు డాక్టరేటు రాగానే జమ చేసేస్తాను. మూడేళ్లు, మహా అయితే నాలుగు. కాకపోతే మీ దానికి వెయిటింగ్ లిస్టుంది. నా తర్వాత అబ్బులు గారు అడిగారు. తనిఖీలో రొయ్యలు పోయాక, మళ్లీ పీతలు నీటిలో నివసించును అన్నదానికి వారికి ఎవరో ఒకరు కావాలట. మీరూ ఓ ఇండెంటు పెట్టుకోండి, వరసలో ఉంటారు.”

ఆయన ఊచల మధ్య నుంచి ఫారం అందించారు. అందులో గ్రంథం పేరు అన్నచోట వకుళ తన థీసిస్ పేరు రాసింది. రచయిత అన్నచోట తన పేరు రాసింది. దరఖాస్తుదారు అన్నచోట మళ్లీ తన పేరే రాసి, హోదా అన్నచోట డాక్టర్ అని మొదలుపెట్టింది.

“అది వద్దమ్మా, అది నా దగ్గరుంది,” అన్నారు గవర్రాజు గారు.

కొట్టేసి లెక్చరరు అని రాసింది.

“ఇంకా చేరలేదు కదా. తప్పుడు సమాచారం అవుతుంది.”

పరిశోధక విద్యార్థి అని రాసింది.

“అదెలా? మీ పరిశోధన పూర్తయినట్టు నేనే రికార్డు చేశాను.”

ఆమె వెనక అప్పటికే పెద్ద వరస ఉంది. వకుళ ఆ కొట్టివేతల వంక చాలాసేపు చూసింది. మడ అడవి, బురద, పోయిన గోరు, ఆ బోర్డు నిండా సుద్ద, అన్నీ ఆ చిన్న గడిలో ఎక్కడ పెట్టాలో ఆమెకు తెలియలేదు. కళ్లు తుడుచుకుని, ఆ గడిలో చదరపు బ్రాకెట్లు వేసి, మధ్యలో ఒక ప్రశ్నార్థకం పెట్టి, ఊచల్లోంచి లోపలికిచ్చింది.

గవర్రాజు గారు కళ్లజోడు సర్దుకుని ఫారమంతా పైనుంచి కిందికి చదివారు. ఎక్కడా ఏ అభ్యంతరమూ కనిపించలేదు. ముద్ర వేసి, సంతకం పెట్టి, మనస్ఫూర్తిగా నవ్వారు.

“ఇదిగో చూశారా, ఇన్నాళ్లకి ఫారం సరిగ్గా నింపారు,” అన్నారు.